ట్రైనింగ్ అయిన రిట్రీవర్‌ని కొంటున్నారా? వేటలోనూ ఇంట్లోనూ అది చెడిపోకుండా ఉండాలంటే ఇలా చెయ్యండి

అమెరికాలో ఉంటూ, ఆఫీసులో ఎవరో పిలిస్తే సరదాగా ఒకసారి బాతుల వేటకు వెళ్ళి, అక్కడ చన్నీళ్ళలోకి దూకి పిట్టను నోట కరుచుకొచ్చి చేతికిచ్చే లాబ్రడార్‌ని చూసి, ఇంటికొచ్చాక ఇక నిద్రపట్టని మనవాళ్ళు కొందరుంటారు. అలా పడ్డ పిట్టను తెచ్చిచ్చే కుక్కనే రిట్రీవర్ అంటారు. ఇది వాళ్ళ కోసం. కుక్కపిల్లను తెచ్చుకుని రెండేళ్ళు దగ్గరుండి నేర్పించే తీరిక లేదు కాబట్టి నేర్చుకున్న కుక్కనే కొందాం, సీజన్‌లో వేటకు తీసుకెళ్దాం, మిగతా ఏడాదంతా పిల్లలతో ఆడుకుంటుంది అనుకుంటారు. మంచి ఆలోచనే. కాకపోతే విద్య వచ్చింది కుక్కకు, దాన్ని నడిపించే విద్య మీకూ మీ ఇంట్లోవాళ్ళకీ ఇంకా రాలేదు, అది రాకపోతే అంత డబ్బు పోసి కొన్న కుక్క ఒక్క సీజన్ తిరిగేసరికి మామూలు కుక్క అయిపోతుంది. వేటకుక్కను ఇంట్లో పెంచితే పాడవుతుందని పాతకాలం వేటగాళ్ళు చెప్తుంటారు, నేనైతే ఒప్పుకోను. సోఫా పక్కన పడుకున్నందుకు ఏ కుక్కా పాడవదు. చెప్పిన మాట అది వినకపోయినా మనం చూసీ చూడనట్టు ఊరుకుంటాం చూడండి, దానివల్ల పాడవుతుంది.

ఇదంతా అమెరికా సంగతి అని గుర్తుపెట్టుకోండి, అందులోనూ నేను ఎక్కువగా టెక్సస్ లెక్కలో చెప్తున్నాను. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం, కొల్లేరులోనో పులికాట్‌లోనో బాతుల్ని బైనాక్యులర్స్‌తో చూసి రావాల్సిందే. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో లాబ్ ఉన్నవాళ్ళు కింద రాసిన ట్రైనింగ్ భాగం మాత్రం బంపర్లతో, అంటే పిట్టకు బదులు విసిరే డమ్మీలతో, నిక్షేపంగా చేసుకోవచ్చు.

1. కుక్క కంటే ముందు మీ కాగితాలు

హెచ్1బీ లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ గుళ్ళు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నిషేధం. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ ఉంటే దానికి మినహాయింపు ఉంది. ఈ ఒక్క వాక్యాన్ని నమ్ముకుని దుకాణానికి వెళ్ళకండి, మీ ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడాకే తుపాకీ ముట్టుకోండి, ఎందుకంటే లైసెన్స్ గడువు తీరిన మర్నాడు కూడా అదే తుపాకీ మీ అల్మారాలో ఉంటుంది. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్ళకు ఈ ఇబ్బంది లేదు.

తర్వాత లైసెన్స్ సంగతి. టెక్సస్‌లో 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చెయ్యాలి. బాతులకు, హంసబాతులకు వెళ్ళాలంటే 16 ఏళ్ళు నిండిన ప్రతి ఒక్కరికీ 25 డాలర్ల ఫెడరల్ డక్ స్టాంప్ కావాలి. ఇది 1934 నుంచీ ఉంది, ఆ డబ్బు చిత్తడి నేలలు కొని కాపాడటానికి వెళ్తుంది. వలస పిట్టల వేటకు హిప్ (ఎన్ని పిట్టలు కొట్టారో లెక్కించే ప్రభుత్వ సర్వే) రిజిస్ట్రేషన్ కూడా ఉంటుంది, లైసెన్స్ కొనేటప్పుడే అడుగుతారు. బాతులకు సీసం గుళ్ళు 1991 నుంచీ దేశమంతటా నిషేధం, స్టీల్ లాంటివే వాడాలి. తుపాకీలో మూడు తూటాలకు మించి పట్టకుండా ప్లగ్ ఉండాలి. పడగొట్టిన పిట్టను వెతికి తేవడానికి తగిన ప్రయత్నం చెయ్యాలని కూడా చట్టంలోనే ఉంది, రిట్రీవర్ అవసరం అసలు అక్కడే.

2. ఏ స్థాయి కుక్క కావాలో తేల్చుకోండి

ఏ జాతి అనేదాని మీద ఎక్కువ కాలం గడపకండి. ఇంట్లో చిన్నపిల్లలుండి ఇదే మొదటి వేటకుక్క అయితే లాబ్రడార్ తీసుకోండి. గోల్డెన్ కూడా మంచిదే, కాకపోతే ముళ్ళకాయలు దాని బొచ్చులో చిక్కుకుంటే సాయంత్రమంతా దువ్వెనతోనే గడిచిపోతుంది. చెసపీక్ బే రిట్రీవర్ గడ్డకట్టే నీళ్ళకు కూడా వెరవదు గానీ మొండిది, మొదటిసారి కుక్కను నడిపేవాళ్ళకు కాదు.

అసలు ప్రశ్న స్థాయి. అమ్మకానికి వచ్చే కుక్కల్ని స్టార్టెడ్ అనీ ఫినిష్డ్ అనీ అంటారు. స్టార్టెడ్ కుక్క అంటే సాధారణంగా ఏడాది, రెండేళ్ళ వయసు. సిట్, హీల్ (పక్కనే నడువు), హియర్ (ఇటు రా) గట్టిగా వచ్చి ఉంటాయి, తుపాకీ చప్పుడు అలవాటై ఉంటుంది, పడేటప్పుడు తన కళ్ళతో చూసిన పిట్టను తెచ్చి చేతికిస్తుంది. ఇలా చూసి తేవడాన్ని మార్క్ అంటారు. ఫినిష్డ్ కుక్క రెండు మూడు పిట్టలు పడిన చోట్లు గుర్తుపెట్టుకుని వరసగా తెస్తుంది, అసలు చూడని పిట్ట కోసం కూడా మీ ఈల, మీ చెయ్యి చూసుకుంటూ వెళ్తుంది. దాన్ని బ్లైండ్ అంటారు. పక్క కుక్క పనిచేస్తుంటే కదలకుండా కూర్చుంటుంది. స్టార్టెడ్‌కి కొన్ని వేల డాలర్లు అవుతాయి, బాగా ఫినిష్ అయినదానికి పదివేలు దాటడం మామూలే.

అమ్మేవాడు ఫినిష్డ్ అన్నంత మాత్రాన ఫినిష్డ్ కాదు, ఆ మాటకు చట్టమేమీ లేదు, ఎవరికి తోచినట్టు వాళ్ళు వాడుకుంటారు. అందుకే టైటిల్ చూడండి. ఏకేసీ (అమెరికన్ కెన్నెల్ క్లబ్) హంట్ టెస్టుల్లో జూనియర్ హంటర్, సీనియర్ హంటర్, మాస్టర్ హంటర్ అని మూడు మెట్లుంటాయి. జూనియర్‌లో ఒక్కొక్క పిట్టే. సీనియర్‌లో డబుల్స్ (వరసగా రెండు పిట్టలు), నేల మీద ఒకటీ నీళ్ళలో ఒకటీ బ్లైండ్స్ ఉంటాయి. మాస్టర్ చాలా కష్టం. హంటింగ్ రిట్రీవర్ క్లబ్ వాళ్ళ టెస్టులు అసలు వేటకు ఇంకా దగ్గరగా ఉంటాయి, అక్కడి మెట్లు స్టార్టెడ్, సీజన్డ్, ఫినిష్డ్. నా అభిప్రాయం అడిగితే మొదటిసారి కొనేవాళ్ళకు సీనియర్ హంటర్ స్థాయి కుక్క సరిపోతుంది. మాస్టర్ స్థాయి కుక్కను నడపడం రాని మనిషి చేతిలో పెడితే అది నెల తిరక్కుండానే ఆ మనిషిని చదివేస్తుంది.

ఇంకో హెచ్చరిక. తల్లీ తండ్రీ ఇద్దరూ ఫీల్డ్ ట్రయల్ ఛాంపియన్లే అని గొప్పగా చెప్తే ఒక్క నిమిషం ఆగండి. ఆ పోటీల కోసం పెంచిన రక్తంలో వేగం, ఉత్సాహం విపరీతంగా ఉంటాయి, మీరు మీటింగ్‌లో ఉన్న ఎనిమిది గంటలూ అది హాల్లో పచార్లు చేస్తూనే ఉంటుంది. ఇంటికి కావలసింది ఆఫ్ స్విచ్ ఉన్న కుక్క.

3. ఆరోగ్యం కాగితాలు చేతిలో పట్టుకుని చదవండి

తుంటి, మోచేతి ఎక్స్‌రేలకు ఓఎఫ్ఏ (కుక్కల ఎముకలు, కీళ్ళు పరిశీలించి గ్రేడ్ ఇచ్చే సంస్థ) సర్టిఫికెట్ అడగండి. తుంటికి పక్కా గ్రేడ్ రెండేళ్ళు నిండాకే ఇస్తారు, అంతకన్నా చిన్నదైతే ప్రిలిమినరీ రిపోర్టు, తల్లిదండ్రుల గ్రేడ్లు చూసుకోండి. కంటి పరీక్ష రిపోర్టు, లాబ్‌లకైతే వంశపారంపర్యంగా వచ్చే ఈఐసీ, సీఎన్ఎమ్ (కండరాల జబ్బు), పీఆర్ఏ (చూపు పోయే జబ్బు) లకు డీఎన్ఏ పరీక్షలు ఉండాలి. ఈఐసీ ఉన్న కుక్క ఉత్సాహంగా పదిసార్లు పరుగెత్తాక వెనక కాళ్ళు పడిపోయి కూలబడుతుంది, అదే నీళ్ళ మధ్యలో జరిగితే ప్రాణానికే ముప్పు. కాగితాల మీద నంబర్లుంటాయి, ఓఎఫ్ఏ వెబ్‌సైట్‌లో కుక్క పేరు కొట్టి సరిచూసుకోవచ్చు. ఎక్స్‌రే తీయించాం గానీ పంపలేదు అనేవాళ్ళ దగ్గర కొనకండి.

4. చూడ్డానికి వెళ్ళిన రోజు

వీడియో చూసి డబ్బు పంపకండి. వీడియోలో పదిసార్లు తీసి బాగా వచ్చినదాన్నే పెడతారు. స్వయంగా వెళ్ళండి, నేల మీదా నీళ్ళలోనూ, నిజమైన పిట్టతో, తుపాకీ చప్పుడుతో చూపించమనండి.

కుక్కను పక్కన కూర్చోబెట్టి, దూరాన ఒకరు తుపాకీ పేల్చి చచ్చిన బాతును పైకి విసురుతారు. అందరూ బాతు వైపు చూస్తారు, మీరు కుక్కను చూడండి. చెవుల మొదళ్ళు పైకి లేస్తాయి, గడ్డిని ఊడుస్తున్న తోక ఆగిపోతుంది, ముందుకాళ్ళు వణుకుతాయి, పిట్ట పడిన చోట చూపు అతుక్కుపోతుంది, కానీ పిరుదులు మాత్రం నేలను వదలవు. పేరు పిలిచేదాకా అలాగే ఉండాలి. ట్రైనర్ ఈలోపు నాలుగుసార్లు సిట్, సిట్ అనాల్సి వస్తే ఆ కుక్క స్టెడీ కాదు. తిరిగొచ్చేటప్పుడు బాతును ఒంటి మధ్యలో పట్టుకుందా, రెక్క పట్టుకుని ఈడుస్తోందా చూడండి. నీళ్ళలోంచి గట్టెక్కగానే బాతును కింద పడేసి ఒళ్ళు దులుపుకునే కుక్కలుంటాయి, చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది గానీ ఆ బాతు బతికే ఉంటే ఆ రెండు సెకన్లలో మళ్ళీ నీళ్ళలోకి పోతుంది. చేతికి వచ్చిన బాతును మీరే తీసుకుని రొమ్ముకు రెండు వైపులా వేళ్ళతో నొక్కి చూడండి. పక్కటెముకలు నలిగి మెత్తగా తగిలితే కుక్క నోరు గట్టిది, ఆ అలవాటు మాన్పించడం చాలా కష్టం.

అయ్యాక ఇంకో కోరిక కోరండి. కుక్కను వాళ్ళ ఇంట్లోకి తీసుకురమ్మనండి. కెన్నెల్‌లో పెరిగిన కుక్కల్లో కొన్నింటికి మెట్లెక్కడం తెలీదు, టైల్స్ నేల మీద కాళ్ళు జారితే బిక్కచచ్చిపోతాయి, వాక్యూమ్ క్లీనర్ చూసి మూలకు నక్కుతాయి. ఇవి పెద్ద లోపాలు కావు, రెండు నెలల్లో సర్దుకుంటాయి, కానీ ముందే తెలిస్తే మంచిది. పిల్లల్ని కూడా తీసుకెళ్ళండి. పిల్లల్ని చూసి మెత్తబడే కుక్కకూ, బిగుసుకుపోయే కుక్కకూ తేడా అక్కడే కనిపిస్తుంది.

5. ట్రైనర్ దగ్గర రెండు మూడు రోజులు మీరు నేర్చుకోండి

ఇది వదిలేసేవాళ్ళే ఎక్కువ. డబ్బిచ్చి, క్రేట్ కారెక్కించి, సాయంత్రానికల్లా ఇంటికి. అలా చెయ్యకండి. దగ్గర్లో ఒక హోటల్ తీసుకుని ట్రైనర్‌తో పాటు మీరే కుక్కను నడపండి. ఈల ఎంతసేపు ఊదాలి, ఒక్క పొడుగు ఈలకు కూర్చుని మీవైపు తిరగాలి, పొట్టి ఈలలు వరసగా ఊదితే వెనక్కి రావాలి, బ్యాక్ (ఇంకా దూరం వెళ్ళు) అన్నప్పుడు చెయ్యి ఎంత పైకెత్తాలి, ఇవన్నీ ఒంటికి పట్టాలి. ట్రైనర్ నోట వచ్చే మాటలు ఉన్నవి ఉన్నట్టు ఫోన్‌లో రికార్డ్ చేసుకోండి. ట్రైనర్ చెప్పే గొంతుకు అలవాటుపడ్డ కుక్కకు మీ సన్నని గొంతు మొదట్లో ఆనదు.

చాలా కుక్కల్ని ఈ-కాలర్ (రిమోట్ నొక్కితే మెడకు చిన్న కరెంటు తగిలించే పట్టీ) మీద తయారుచేస్తారు. మీ కుక్క ఏ లెవల్‌కు స్పందిస్తుందో, దేనికి వాడాలో, దేనికి వాడకూడదో ట్రైనర్ దగ్గరే తెలుసుకోండి. కోపంలో నొక్కే బటన్ కాదది. కుక్కకు బాగా తెలిసిన మాట కావాలని వినకపోతేనే, అదీ తక్కువ లెవల్‌లో వాడతారు. కాలర్ రోజంతా మెడకు ఉంచితే పుళ్ళు పడతాయి, రిమోట్ పిల్లల చేతికి ఇవ్వనే ఇవ్వకండి. ఇది మీకు నచ్చకపోతే ఇబ్బందేం లేదు, వేల్స్‌లో ఇలాంటి కాలర్లు 2010 నుంచీ నిషేధం, బ్రిటిష్ పద్ధతిలో కాలర్ లేకుండా తయారైన కుక్కలు అమెరికాలోనూ దొరుకుతాయి. కానీ కాలర్ మీద తయారైన కుక్కను కొని, మర్నాటి నుంచి కాలర్ తీసేసి, మాట వినట్లేదని తిట్టకండి.

6. ఇంటికొచ్చాక మొదటి నెల

వేట మాట ఎత్తకండి. కుక్కకు ఇల్లు కొత్త, మీరు కొత్త. రెండేళ్ళ కుక్కైనా ఇంట్లో కుక్కపిల్ల అనే అనుకోండి. రెండు గంటలకోసారి బయటికి తీసుకెళ్ళండి, మీ కళ్ళ ముందు లేనప్పుడు క్రేట్‌లో ఉంచండి, రాత్రి క్రేట్ మీ గదిలోనే పెట్టుకోండి. కుక్కర్ విజిల్‌కి మొదటి వారం చెవులు నిక్కబొడుచుకుని మీ వైపు చూస్తే నవ్వుకోండి, కొన్నాళ్ళకు పట్టించుకోదు.

మాటల పట్టిక ఒకటి రాసి ఫ్రిజ్ మీద అంటించండి. సిట్, హియర్, హీల్, ప్లేస్, కెన్నెల్, హోల్డ్, డ్రాప్. ఇంట్లో అందరూ ఇవే వాడాలి. ముద్దుగా ఎన్ని కబుర్లైనా తెలుగులో చెప్పుకోండి, పని మాట మాత్రం ట్రైనర్ వాడిందే. ఒకరు కమ్ అని, ఒకరు ఇలా రా అని, ఇంకొకరు చప్పట్లు కొట్టి పిలిస్తే కుక్క మూడింటినీ గాలికి వదిలేస్తుంది. ఒక మాట ఒక్కసారే చెప్పాలి. వినకపోతే లేచి వెళ్ళి చేయించాలి. లేచే ఓపిక లేకపోతే చెప్పకూడదు. లాప్‌టాప్ ముందు కూర్చుని, ఏదో కాల్‌లో ఉంటూ, అటు తిరక్కుండానే ప్లేస్, ప్లేస్ అని పదిసార్లు అనడమే నేను చూసిన ఇళ్ళలో కుక్కలు చెడిపోవడానికి మొదటి కారణం, తుపాకీ భయమూ నీళ్ళ భయమూ దాని ముందు ఏ మూలకీ రావు.

అన్నింట్లోకీ ఇంటికి పనికొచ్చేది ప్లేస్. ఒక చిన్న మంచం లాంటి బెడ్ కొని హాల్లో ఒక మూల పెట్టండి. భోజనాల వేళ అది అక్కడే, బెల్ మోగితే అక్కడే, పూజ జరుగుతున్నంతసేపూ అక్కడే. పూజగది గడప దాటకూడదని ఒకసారి గట్టిగా నేర్పితే ట్రైనింగ్ అయిన కుక్క వారంలో నేర్చుకుంటుంది, ఆ తర్వాత అత్తయ్యగారితో మీకు టెన్షన్ ఉండదు.

అత్తయ్యగార్లు, మామయ్యగార్ల సంగతీ చెప్పుకోవాలి. ఆర్నెల్లు ఉండటానికి వచ్చే పెద్దవాళ్ళలో కొందరికి కుక్కంటే భయం, కొందరికి అతి ప్రేమ, రెండోదే ప్రమాదం. కంచం పక్కన కూర్చుంటే పాపం అని ముద్ద పెడతారు. లాబ్‌కి ఆకలి తీరడం అనేది ఉండదు, లాబ్‌లలో దాదాపు నాలుగోవంతుకు పీఓఎమ్‌సీ అనే జన్యువులో తేడా ఉందని, దానివల్ల ఎంత తిన్నా ఆకలి వేస్తూనే ఉంటుందని 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు తేల్చారు. 48 లాబ్రడార్ల మీద ప్యూరినా కంపెనీ చేయించిన అధ్యయనం 2002లో వచ్చింది. పావువంతు తక్కువ తిన్న కుక్కలు దాదాపు రెండేళ్ళు ఎక్కువ బతికాయి. పక్కటెముకలు కంటికి కనపడకూడదు, వేళ్ళతో తడిమితే మాత్రం తగలాలి, మీ కుక్కకు అదే కొలత. పెద్దవాళ్ళను కసురుకుంటే లాభం లేదు, సాయంత్రం కొలత డబ్బాతో తిండి పెట్టే పని వాళ్ళకే అప్పజెప్పండి. సిట్ అని, గిన్నె కింద పెట్టి, రెండు క్షణాలు ఆగి, ఓకే అనాలి. వాళ్ళకూ తృప్తి, కుక్కకూ ట్రైనింగ్.

మన వంటింట్లో కుక్కకు విషాలు బోలెడు. ఉల్లిపాయ, వెల్లుల్లి పచ్చివైనా వండినవైనా వద్దు, అంటే సాంబారు, కూర, పప్పు దాదాపు అన్నీ పోయినట్టే. పాయసంలో కిస్మిస్, ద్రాక్ష మూత్రపిండాల్ని దెబ్బతీస్తాయి. చాక్లెట్ సంగతి అందరికీ తెలుసు, జైలిటాల్ (చక్కెరకు బదులు వాడే తీపి పదార్థం) ఉన్న చూయింగ్ గమ్ సంగతి తెలీదు. మటన్ కూరలోని ఉడికిన ఎముకలు ముక్కలై పేగుల్లో గుచ్చుకుంటాయి. వేసవిలో మామిడి టెంక ఒక్కటి చాలు పేగుకు అడ్డంపడి ఆపరేషన్ దాకా రావడానికి, చెత్తబుట్టకు మూత గట్టిగా ఉండేలా చూసుకోండి.

పిల్లలకు రెండే నియమాలు. తాడాట, అంటే ఒక కొస కుక్క నోట్లో ఒక కొస పిల్లాడి చేతిలో పెట్టుకుని లాగడం, వద్దు. చేతికి మెత్తగా ఇవ్వాల్సిన కుక్కకు బిగించి పట్టడం నేర్పుతున్నారన్నమాట. రెండోది, బాల్ విసిరితే కుక్క కూర్చుని చూడాలి, పేరు పిలిచాకే వెళ్ళాలి, నాలుగింట్లో ఒకటి పిల్లలే వెళ్ళి తెచ్చుకోవాలి, కుక్క కూర్చునే ఉండాలి. పడిందల్లా తనది కాదని కుక్క నేర్చుకునేది అలాగే. బాల్ పిచ్చి పట్టించి పెరట్లో యాభైసార్లు విసిరితే పిల్లలకు ఆట అయిపోతుంది, మీకు డిసెంబర్‌లో తుపాకీ పేలకముందే నీళ్ళలోకి దూకే కుక్క మిగులుతుంది.

7. వారం వారం ట్రైనింగ్

రోజుకు పదిహేను నిమిషాలు చాలు, గంటసేపు చేసి విసిగించకండి. నడక మొత్తం హీల్‌లోనే నడిపించండి, మధ్యలో ఆగితే తనంతట తనే కూర్చోవాలి. వారంలో రెండు మూడు రోజులు బంపర్లతో మార్క్స్ చెయ్యండి. తెల్లవీ, నలుపు-తెలుపువీ మార్క్స్‌కి, ఆరెంజ్‌వి బ్లైండ్స్‌కి. పచ్చగడ్డిలో ఆరెంజ్ మనకు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది గానీ కుక్క కంటికి గడ్డిలో కలిసిపోతుంది, అందుకే దాన్ని కళ్ళతో వెతుక్కోకుండా మీ చెయ్యి నమ్ముకుని వెళ్తుంది.

చేతి సైగలకు బేస్‌బాల్ డ్రిల్ బాగుంటుంది. కుక్కను మధ్యలో మీవైపు ముఖం పెట్టి కూర్చోబెట్టి, దాని కుడిపక్క ఒక బంపర్, ఎడమపక్క ఒకటి, వెనకాల ఒకటి వేసి, మీరు హోమ్ ప్లేట్ దగ్గర నిలబడి పక్కకు చెయ్యి చాచి ఓవర్ (పక్కకు వెళ్ళు), పైకెత్తి బ్యాక్ అనాలి. బేస్‌బాల్ మైదానమే అక్కర్లేదు, ఆదివారం పొద్దున మనవాళ్ళ క్రికెట్ మ్యాచ్ మొదలవకముందు ఆ గ్రౌండ్‌లోనైనా సరే. నెలకోసారైనా స్థానిక రిట్రీవర్ క్లబ్ ట్రైనింగ్ రోజుకు వెళ్ళండి. మీ కుక్క ఎక్కడ జారిందో మీకంటే అక్కడి పాతవాళ్ళకు ముందు కనిపిస్తుంది, అడిగితే చక్కగా చెప్తారు, అడక్కపోయినా చెప్తారు.

8. మొదటి వేట

మొదటి రెండు మూడు వేటల్లో తుపాకీ మీ చేతిలో ఉండకూడదు. ఒకరిద్దరు స్నేహితులు కాలుస్తారు, మీరు కుక్కను మాత్రమే చూసుకుంటారు. కుక్క నేర్చుకున్నదంతా పోయేది ఆ రోజుల్లోనే. పిట్ట పడుతుంది, కుక్క ఆగలేక లేస్తుంది, మీరు కూడా ఉత్సాహంలో సర్లే పోనీ అంటారు, ఇక స్టెడీ అనేది అక్కడితో సరి. లేచిందా, వెనక్కి తెచ్చి కూర్చోబెట్టి, ఆ పిట్టను ఇంకొకరు తేవాలి. తుపాకులు పేలుతుండగా ముందుకు దూకే కుక్క ప్రాణం కూడా పోగొట్టుకోవచ్చు. కుక్కను తుపాకీ గొట్టానికి ముందుగానో కిందగానో కూర్చోబెట్టకండి, దాని చెవులు చెడతాయి.

టెక్సస్‌లో నార్త్, సెంట్రల్ జోన్లలో గువ్వల సీజన్ సెప్టెంబర్ 1న మొదలవుతుంది, అప్పుడు ఎండ ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. నల్ల లాబ్‌ని ఆ ఎండలో గంటసేపు తిప్పితే వడదెబ్బ తగులుతుంది. పొద్దున్నే వెళ్ళి ఎండెక్కేలోపు వచ్చెయ్యండి, నీడలో కూర్చోబెట్టండి, ప్రతి పిట్టకూ నీళ్ళు పట్టండి. నాలుక చివర వెడల్పై పక్కకు వేలాడుతున్నా, నడకలో తూలుతున్నా, పిలిస్తే పలకకపోయినా వేట ఆపి అక్కడే ఒళ్ళంతా నీళ్ళు పోసి చల్లబరచండి, ఆ తర్వాతే వెట్ దగ్గరికి బయల్దేరండి. ఎండాకాలం చెరువు మీద పచ్చటి పెయింట్ లాంటి నాచు తేలుతుంటే కుక్కను దింపకండి, అందులో కొన్ని గంటల్లోనే కుక్క ప్రాణం తీసే విషం ఉండొచ్చు.

చలికాలం బాతులకైతే సమస్య ఎదురు. మాటు దగ్గర కుక్క నీళ్ళలో నిలబడే పని లేకుండా ఒక స్టాండ్ పెట్టండి, ఒంటికి అతుక్కునే నియోప్రీన్ జాకెట్ వెయ్యండి. వదులైతే లోపలికి నీళ్ళు చేరి జాకెట్ లేనిదానికంటే అధ్వాన్నం. ఆర్కాన్సాలోని స్టట్‌గార్ట్‌ను వరికీ బాతులకూ రాజధాని అంటారు, నీళ్ళు నిలిపిన వరి మడుల్లో తెల్లారుజామున బాతులు దిగుతుంటే గోదావరి జిల్లాలవాళ్ళకు ఇల్లు గుర్తొస్తుంది, అవకాశం ఉంటే ఒకసారి వెళ్ళండి.

9. ఇంటికి తిరిగొచ్చాక

స్నానం మీకు తర్వాత, ముందు కుక్క సంగతి. కింది కనురెప్పను బొటనవేలితో మెల్లగా కిందికి లాగితే ఆ గుంటలో గడ్డి గింజలు చేరి ఉంటాయి, సెలైన్‌తో కడిగెయ్యండి. కాలి వేళ్ళ మధ్య ఒక్కొక్క సందూ విప్పి చూడండి, చంకల్లో చెయ్యి పెట్టి తడమండి, ముళ్ళూ పిడుదులూ అక్కడే దాక్కుంటాయి. చెవుల్ని ఇయర్ క్లీనర్‌తో తుడిచి ఆరనివ్వండి, ఈతకొట్టే లాబ్‌లకు చెవి ఇన్‌ఫెక్షన్లు ఎక్కువ. చన్నీళ్ళలో బాగా ఈదిన మర్నాడు తోక కర్రలా నాలుగంగుళాలు నిలిచి కిందికి వేలాడితే విరిగిందేమో అని కంగారుపడకండి, దాన్ని లింబర్ టెయిల్ అంటారు, విశ్రాంతి ఇస్తే కొన్ని రోజుల్లో తగ్గుతుంది. నొప్పి ఎక్కువైతే వెట్‌కి చూపించండి, మనం వేసుకునే నొప్పి మాత్రలు మాత్రం వెయ్యకండి. హార్ట్‌వార్మ్ (దోమల ద్వారా గుండెకు చేరే పురుగులు) మందు నెల నెలా, లెప్టో (లెప్టోస్పైరోసిస్) టీకా తప్పనిసరి అనుకోండి.

పిట్టల సంగతి. వేటకు కుదిరేది శనివారం, మన ఇళ్ళలో చాలామంది నీచు ముట్టనిదీ శనివారమే. అందుకని గరాజ్‌లో ఒక పాత ఫ్రిజ్ పెట్టుకుంటే గొడవ ఉండదు, ఆదివారం ఇగురు పెట్టుకోవచ్చు. శుభ్రం చేసేటప్పుడు గ్లౌజులు వేసుకోండి, 2022 నుంచి అడవి పక్షుల్లో బర్డ్ ఫ్లూ బాగా ఉంది, కుక్కకు పచ్చి మాంసం గానీ పేగులు గానీ పెట్టకండి. బాగా ఉడికించండి, 165 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా. స్టీల్ గుళ్ళు ముక్కల్లో ఉండిపోతాయి, పంటి కింద పడితే పన్నే పోతుంది, వండేముందు వేలితో వెతుక్కోండి.

10. సీజన్ లేని రోజులు, ఇండియా ప్రయాణం

తుపాకీకి భయపడదు కదా అని జులై 4కో దీపావళికో కుక్కను బయట కట్టేసి బాణసంచా కాల్చకండి. తుపాకీ చప్పుడు తర్వాత పిట్ట వస్తుందని దానికి తెలుసు, చిచ్చుబుడ్డి తర్వాత ఏం వస్తుందో తెలీదు. ఇంట్లో క్రేట్‌లో ఉంచి, టీవీ పెట్టి, ఒకరు దగ్గరుండండి. ఒక్క రాత్రి భయంతో తుపాకీ చప్పుడుకే బెదిరిపోయే కుక్కలున్నాయి.

ఇక మనందరికీ ఉండే తలనొప్పి, నెల్లాళ్ళు ఇండియా వెళ్ళడం. మామూలు బోర్డింగ్‌లో పడేస్తే వచ్చేసరికి కుక్క బరువెక్కి, మాట మరిచి ఉంటుంది. కొన్న ట్రైనర్ దగ్గరికే పంపితే ఆ నెల్లాళ్ళూ రిఫ్రెషర్ అయిపోతుంది, ఖర్చు బోర్డింగ్ కంటే ఎక్కువే గానీ తేడా కనిపిస్తుంది. అయితే మనం వెళ్ళేది ఎక్కువగా డిసెంబర్‌లో, సంక్రాంతి చూసుకుని జనవరిలో వస్తాం, సరిగ్గా అదే బాతుల సీజన్, ట్రైనర్లు ఆ రోజుల్లో వేటలో బిజీగా ఉంటారు, ఉన్న కెన్నెల్స్ నిండిపోయి ఉంటాయి. విమానం టికెట్ కొనేముందే ఫోన్ చేసి, టీకాల కాగితాలు పంపి, అడ్వాన్స్ కట్టి పేరు రాయించుకోండి.